పోయొస్తా అన్న పాపానికి

ఆ రోజుల్లో నేను ఇంట్లోంచి బయల్దేరేటప్పుడు ఫ్రిజ్జుకి చెప్పి వెళ్ళేవాణ్ణి. "పోయొస్తా" అని. నవ్వకండి. న్యూకాసిల్‌లో మొదటి చలికాలం ఒంటరిగా గడిపినవాళ్ళెవరూ నవ్వరు. మధ్యాహ్నం మూడున్నరకే పొద్దు గూకే ఊళ్ళో, రెండు గదుల ఫ్లాట్‌లో, కంప్యూటర్ ముందు కూర్చుని బెంగళూరు వాళ్ళతో "వినబడుతోందా, వినబడుతోందా" అనుకోవడమే ఉద్యోగమైనవాడికి, గుర్రుమని బదులు పలికే ఫ్రిజ్జు కూడా ఇంటి మనిషి కిందే లెక్క. పైగా ఆ మాట నా నోటికి అలవాటు చేసింది మా అవ్వ. మాది అనంతపురం వైపు. ఎవరైనా గడప దాటుతూ "పోతా" అన్నారంటే ఆమెకి ఒళ్ళు మండిపోయేది. "పోతా అంటావేంది రా, నీ నోట్లో మన్ను బడ! పోయేది పీనుగ. మనిషన్నోడు పోయొస్తా అనాల" అని వెనక్కి పిలిచి, మళ్ళీ కూర్చోబెట్టి, చెంబుడు నీళ్ళు తాగించి, సరైన మాట అనిపించి గానీ వదిలేది కాదు. (నేను బడికి రోజూ ఆలస్యంగా వెళ్ళడానికి అసలు కారణం ఇది. అయ్యవారు నమ్మలేదు.)

అంతకు ముందు ఆ ఫ్లాట్‌లో నాతోపాటు ఒక గుంటూరు మిత్రుడు ఉండేవాడు. గోంగూర లేనిదే వాడికి ముద్ద దిగదు కాబట్టి వాడి పేరే గోంగూర అయిపోయింది. లండన్‌లో ఉద్యోగం దొరికి వాడు ఇల్ఫర్డ్ వెళ్ళిపోయాడు. వాడితోపాటు ఇంట్లో తాళింపు వాసన పోయింది, గిన్నెలు కడగలేదని తిట్టే గొంతూ పోయింది. ఊళ్ళో తెలుగువాళ్ళు లేక కాదు. సంసారాలవాళ్ళు సంసారాలతో, స్టూడెంట్లు స్టూడెంట్లతో కలిసేవాళ్ళు. నేను రెంటికీ చెడ్డ రేవడిని. వారానికొకసారి ఆఫీసుకి బస్సులో వెళ్ళడమే నాకు పండగ. ఆ ఊళ్ళో బస్సు దిగేటప్పుడు డ్రైవరుకి థ్యాంక్స్ చెప్పి దిగడం ఆచారం. ఒకరోజు పరధ్యానంలో "పోయొస్తా అన్నా" అనేశాను. ఆయన "టా, మేట్" అని తిరిగి థ్యాంక్స్ చెప్పాడు. ఆ ఒక్క మాటతో సాయంత్రం దాకా కడుపు నిండినట్టుండింది.

అదిగో, ఆ స్థితిలో ఉండగా ఒక చర్చి గోడమీద నోటీసు చూశాను. దేశం విడిచి వచ్చిన శరణార్థులకి తోడుగా కాసేపు కూర్చుని మాట్లాడేవాళ్ళు కావాలట. ఇంటికి ఫోన్ చేసి "సమాజ సేవ చేయబోతున్నా" అని గొప్పగా చెప్పాను. నిజానికి అక్కడ మనుషులుంటారు, టీ ఇస్తారు, అదీ ఆశ. హాల్లో అడుగుపెట్టానో లేదో ఒక పెద్దావిడ ఎదురొచ్చి, నా పల్చటి జాకెట్టు చూసి "అయ్యో పెట్, వణికిపోతున్నావ్" అంటూ చేతిలో వేడి సూప్ పెట్టి, బొచ్చు టోపీ ఉన్న పెద్ద కోటు ఒకటి తెచ్చి తొడిగేసింది. నేను పుచ్చుకోవడానికి రాలేదు, ఇవ్వడానికి వచ్చానని సూప్ మింగుతూ మనవి చేసుకున్నాను. "ఒళ్ళు వెచ్చబడితే బాగా ఇస్తావులే పెట్" అంది. ఆ ప్రాంతంలో అందర్నీ ప్రేమగా పెట్ అంటారని నాకప్పటికి తెలీదు. నన్ను పెంచుకునే కుక్క అంటోందేమిటా అని లోపల చిన్నబుచ్చుకున్నాను. తెలిశాక ఆవిడకి పెట్టమ్మ అని పేరు పెట్టుకున్నాను. ఆ సెంటర్ నడిపేది ఆవిడే. నిజంగానే కోడిపెట్టలాగా అందర్నీ రెక్కల కింద వేసుకుని తిరిగేది.

హాలు మూలలో ఎవరో పిల్లలు డ్రమ్ములు వాయిస్తున్నారు. ఆ హోరులో పెట్టమ్మ "నీ భాష ఏది?" అని అరిచింది. "తెలుగు!" అని నేనూ అరిచాను. ఆవిడ ముఖం వెలిగిపోయింది. "టిగ్రిన్యా! దేవుడే పంపాడు నిన్ను!" అంటూ నా చెయ్యి పట్టుకుని చరచరా లాక్కెళ్ళి, తెల్లటి పల్చని గుడ్డ తలనిండా కప్పుకుని కిటికీ పక్కన ఒంటరిగా కూర్చున్న ఒకావిడ ముందు కూలేసింది. ఆవిడది ఎరిత్రియా. వచ్చి కొన్ని వారాలైంది, ఆవిడ మాట్లాడే టిగ్రిన్యా భాష తెలిసినవాళ్ళు సెంటర్లో ఒక్కరూ లేరు. నేను "నమస్కారం ఆంటీ" అన్నాను. ఆవిడ ఎన్నాళ్ళ నుంచి దాచుకుందో, గడగడా ఒక పురాణమంత మాట్లాడేసింది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా ఎదుటి మనిషి అంతసేపు మనవైపు చూసి మాట్లాడాక ఊరుకోవడం మర్యాద కాదు కదా, నేనూ మా ఊరి ఎండల గురించి తెలుగులో రెండు మాటలు చెప్పాను. ఆవిడ తల ఊపింది. పెట్టమ్మ చేతులు జోడించి "ఏమంటోంది పెట్?" అంది. "ఏమో, నాకు మాత్రం ఏం తెలుసు?" అన్నాను. సంగతి తేలాక పెట్టమ్మ ఎంత నవ్విందంటే కళ్ళజోడు తీసి తుడుచుకోవాల్సి వచ్చింది. ఆంటీకి ఏమర్థమైందో, ఆవిడా నవ్వింది. ఆవిడ నవ్వడం అదే మొదటిసారి చూశానని పెట్టమ్మ తర్వాత చెప్పింది. "భాష పోతే పోయింది, నువ్వే ఈవిడకి ఇంగ్లీషు నేర్పు. శనివారాలు పొద్దున ఇంటికి వెళ్ళి కాసేపు మాట్లాడిరా" అని తీర్పు చెప్పేసింది. (నా ఇంగ్లీషు ఒకరికి నేర్పదగినదని నమ్మిన మొదటి మనిషి, చివరి మనిషి ఆవిడే.)

మొదటి శనివారమే చిక్కు వచ్చిపడింది. ఆ రోజు ఇల్ఫర్డ్‌లో గోంగూర వాళ్ళక్క ఇంట్లో సత్యనారాయణ వ్రతం. సాయంత్రం పూజ, పూజయ్యాక భోజనాలు. పులిహోర, బూరెలు, గుత్తివంకాయ. మధ్యాహ్నం రైలుకి టికెట్ కొనుక్కుని, పది రోజుల నుంచి ఆ బూరెల మీదే ధ్యానంలో ఉన్నాను. అసలు వాడు పిలిచిన పిలుపు "వీలుంటే రారా, లేకపోతే లైట్ తీస్కో" అని. ఒంటరివాడు పిలుపులో తూకం చూడడు. బ్యాగు భుజాన వేసుకుని, దారిలోనే కదా ఇంగ్లీషు పాఠం కూడా ముగించేద్దామని ఆంటీ ఇంటికి వెళ్ళాను. టైన్ నది కనబడే గుట్టమీద, సర్కారు వాళ్ళిచ్చిన కౌన్సిల్ ఫ్లాట్. తలుపు తీసి, కూర్చోబెట్టి, నా ముఖంలోకి ఆశగా చూస్తూ "బున్? బున్?" అంది. పాపం, బన్ను అనడం కూడా రాదు కాబోలు, ఇక్కణ్ణుంచే పాఠం మొదలుపెడదామనుకుని "బన్, ఆంటీ. బన్. యెస్, ప్లీజ్" అన్నాను. పొద్దున ఏమీ తినలేదు కూడాను. ఆవిడ లోపలికెళ్ళి పచ్చి కాఫీ గింజలు తెచ్చి పెనంమీద వేయించడం మొదలుపెట్టింది. వేగిన గింజల పొగ నా ముఖం దగ్గరికి తెచ్చి చేత్తో విసిరి, వాసన చూడమంది. తర్వాత దంచింది. అల్లం వేసింది. పొడవాటి మెడ ఉన్న మట్టికూజాలో కాచింది. వాళ్ళ భాషలో బున్ అంటే కాఫీ అని నాకు తెలిసేసరికి రైలుకి అరగంట ఉంది. బన్ను మాట దేవుడెరుగు, గిన్నెడు మొక్కజొన్న పేలాలు పెట్టింది.

చిన్న పిడిలేని కప్పులో పోసిచ్చిన ఆ కాఫీ తాగితే తలమీద నీళ్ళు పోసినట్టయింది. జలుబు చేస్తే మా అవ్వ ఇచ్చే శొంఠి కషాయానికి పెద్దక్కలాగుంది. గుటగుటా తాగి, కప్పు కింద పెట్టి, లేచి, బ్యాగు తగిలించుకుని, చేతులు జోడించి, నోటికొచ్చింది నోటికొచ్చినట్టు ఇంగ్లీషులోకి మార్చి చెప్పాను. "ఆంటీ, ఐ విల్ గో అండ్ కమ్." ఆవిడ ఆ రెండు మాటలూ పట్టుకుంది. "గో? కమ్?" అని వేళ్ళతో అటూ ఇటూ నడిచి చూపించింది. "యెస్, యెస్, గో అండ్ కమ్" అని నేనూ వేళ్ళతో నడిచి చూపించి, మెట్లు దిగి పరుగెత్తాను. వాళ్ళ కాఫీ ఒక కప్పుతో అయ్యేది కాదని, అదే కూజాలో మళ్ళీ నీళ్ళు పోసి రెండోసారి, మూడోసారి కాస్తారని, మూడోది దీవెన కాఫీ అని, అది తాగకుండా చుట్టం లేవకూడదని నాకెవరు చెప్పారు గనక.

రైలు యార్క్ దగ్గరికి వస్తుండగా ఫోన్ మోగింది. పెట్టమ్మ. "ఎక్కడున్నావ్ పెట్? షాపుకి వెళ్ళావా? త్వరగా రా. సెంటర్ వాళ్ళందర్నీ సముద్రం చూపించడానికి మినీబస్సు తెచ్చాను. ఈవిడేమో కదలనంటోంది. కూజా పొయ్యిమీద పెట్టుకుని కూర్చుంది. చుట్టం గో అంట, చుట్టం కమ్ అంట. బస్సులో అందరూ ఎదురుచూస్తున్నారు." "నేను లండన్ రైల్లో ఉన్నానండీ" అన్నాను. అటువైపు బస్సు డ్రైవరు హారన్ కొట్టాడు. "మరి వస్తానని ఎందుకు చెప్పావ్?" అంది పెట్టమ్మ. "అది వస్తానని చెప్పడం కాదండీ, పోతానని చెప్పడం. మాలో పోతానంటే అపశకునం. అందుకని పోయొస్తానంటాం. అంటే పోతానని." చెప్తుంటే నాకే అయోమయంగా ఉంది. "నువ్వే చెప్పుకో ఈ గొడవంతా" అని పెట్టమ్మ ఫోన్ ఆంటీకి ఇచ్చేసింది.

"యూ గో?" అంది ఆంటీ. "యెస్ ఆంటీ." తర్వాత నెమ్మదిగా, "యూ కమ్?" అంది.

అంతే. కోపం లేదు, నిష్ఠూరం లేదు. వస్తావా, రావా, చెబితే దానిప్రకారం కూర్చుంటానన్నట్టు అడిగింది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి పోయొస్తా, పోయొస్తా అని ఎన్ని వేలసార్లు అన్నానో, ఆ మాట నిజమనుకుని పొయ్యిమీద కూజా పెట్టుకుని కూర్చున్న మనిషి నాకు తెలిసి లేదు. నెలల తరబడి ఫ్రిజ్జుకి చెప్పుకుని బతికినవాణ్ణి, ఒక మనిషి నా రాక కోసం సముద్రాన్ని, బస్సుని ఆపేసిందంటే తట్టుకోలేకపోయాను. "కమ్ ఆంటీ. ఐ కమ్" అన్నాను. అని, యార్క్‌లో దిగిపోయాను. ప్లాట్‌ఫారం మీద నిలబడి గోంగూరకి ఫోన్ చేశాను.

"ఏరా, ఎక్కడిదాకా వచ్చావ్?"

"యార్క్. వెనక్కి పోతున్నా."

"ఎందుకురా?"

"కాఫీ తాగడానికి."

ఫోన్ పక్కకి పెట్టి వాడు వాళ్ళక్కతో అనడం స్పష్టంగా వినబడింది. "అక్కా, వీడికి చలి బాగా తలకెక్కినట్టుంది. వీడి వంతు బూరెలు నాకే పెట్టెయ్."

నేను గుట్టెక్కేసరికి పొద్దు గూకుతోంది. మినీబస్సు ఎప్పుడో వెళ్ళిపోయింది. ఆంటీ కిటికీ దగ్గర నిలబడి ఉంది. నన్ను చూసి చెయ్యి ఊపలేదు, నవ్వలేదు, చటుక్కున లోపలికి మాయమైంది. పైకెళ్ళి చూద్దును కదా, తలుపు బార్లా తీసి ఉంది, ఆవిడ పెనంమీద మళ్ళీ గింజలు వేయిస్తోంది. పొద్దున కాచింది మరిగి మరిగి చేదెక్కిందట, చుట్టానికి పొయ్యకూడదట. (ఇదంతా ముఖం చిట్లించి, నాలుక బయటపెట్టి చెప్పింది.) ఆనందంలో కాస్త ఎక్కువే వేయించిందేమో, ఇల్లంతా పొగ కమ్మి గోడమీద స్మోక్ అలారం కీచుమని అరవడం మొదలుపెట్టింది. ఆవిడ చెవులు మూసుకుని మూలకి ఒదిగిపోయింది. ఆ ముఖం చూస్తే నాకు భయం వేసింది. కానీ ఇంగ్లండులో తాళింపు పెట్టి బతికిన ఏ తెలుగువాడికైనా ఆ అలారంతో పాత పరిచయమే. కిటికీలు తెరిచి, కుర్చీ ఎక్కి, తువ్వాలు తీసుకుని, కల్యాణోత్సవంలో వింజామర వీచినట్టు దానికి విసురుతూ "ఊరుకో తల్లీ, ఊరుకో" అని తెలుగులో బుజ్జగించాను. అది ఊరుకుంది. ఆంటీ చెవుల మీంచి చేతులు తీసి, కుర్చీమీద తువ్వాలుతో నిలబడిన నన్ను చూసి పకపకా నవ్వడం మొదలుపెట్టింది. నవ్వీ నవ్వీ గోడకి ఆనుకుని కూర్చుండిపోయింది.

మొదటి కప్పు తాగాం. రెండోది తాగాం. బయట చీకటి. అప్పుడు, చేతులతో, ముఖంతో, వచ్చిన నాలుగు ముక్కలతో ఆ మాట సంగతి చెప్పబోయాను. అది ఉత్త ఆచారమని, మావాళ్ళు అందరూ అలాగే అంటారని, రాకపోయినా అంటారని. ఆవిడ శ్రద్ధగా విన్నది. "మై హోమ్," అంది వేలితో ఎటో దూరంగా చూపించి, "ఆల్ పీపుల్ గో. బ్రదర్ గో. నైబర్ గో. నో వన్ సే కమ్." తర్వాత మూడో కప్పు పోసి నా చేతిలో పెట్టి, "గో అండ్ కమ్. గుడ్ వర్డ్" అంది. మూడోది పల్చగా ఉంది, అల్లం ఘాటు తగ్గింది. మా అవ్వ ఉండి ఉంటే ఈవిడతో బాగా పడేదనుకున్నాను, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పొగ వల్ల అని చేత్తో సైగ చేశాను. ఆవిడ నమ్మినట్టే తల ఊపింది.

నావల్ల ఆవిడకి బస్సు తప్పిపోయిందన్న బాధ నన్ను వదల్లేదు. తర్వాతి శనివారం నేనే మెట్రోలో టైన్‌మౌత్ బీచికి తీసుకెళ్ళాను. ఆవిడ ఒక బెంచీ చూసుకుని, సముద్రానికి వీపు పెట్టి కూర్చుని, వీధివైపు చూస్తూ చిప్స్ తింది. ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. పడవలోనే సముద్రం దాటి వచ్చిందని పెట్టమ్మ ఎప్పుడో అన్నది అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు మినీబస్సు ఎక్కకపోవడానికి నా కాఫీ ఒక్కటే కారణం కాదని అర్థమైంది. నేనూ సముద్రానికి వీపు పెట్టి పక్కన కూర్చున్నాను. చిప్స్ బావున్నాయి.

ఆపైన ఊరికి పట్టిన తెగులు చెప్పాలి. నా ఇంగ్లీషు పాఠాల్లో ఆంటీకి నిలబడింది ఆ ఒక్క వాక్యమే. బస్సు డ్రైవరుకి "గో అండ్ కమ్" అనేది. జీపీ డాక్టరు క్లినిక్‌లో రిసెప్షన్ పిల్లకి "గో అండ్ కమ్" అంటే ఆ పిల్ల గాభరాగా "ఎప్పుడొస్తావ్ లవ్? మళ్ళీ అపాయింట్‌మెంట్ కావాలా?" అని కంప్యూటర్ తెరిచేది. సెంటర్‌లో సూడాన్ వాళ్ళు, సిరియా వాళ్ళు, ఆఖరికి పెట్టమ్మతో సహా అందరూ అదే పట్టుకున్నారు. సాయంత్రం హాలు మూసేటప్పుడు నలుగురూ ఒకళ్ళకొకళ్ళు "గో అండ్ కమ్, గో అండ్ కమ్" చెప్పుకుంటుంటే, మా అవ్వ చీపురు పట్టుకుని గుమ్మంలో కాపలా కాస్తోందా అనిపించేది.

ఆ తర్వాత కొన్నాళ్ళకి నాకు దూరంగా, లండన్ వైపు మిల్టన్ కీన్స్‌లో ఉద్యోగం వచ్చింది. చివరి శనివారం ఆంటీ గింజలు వేయించింది. (తువ్వాలు ముందే నా ఒళ్ళో పడేసింది.) ఒక కప్పు తాగాం, రెండోది తాగాం. చుట్టం లేచేముందు తాగాల్సిన ఆ మూడోదానికి కప్పు చాస్తే, కూజా మూతికి పీచు బిరడా బిగించేసి పక్కన పెట్టేసింది. అప్పటికి నేనొకటి నిశ్చయించుకుని ఉన్నాను. ఈవిడ మాటని మాటలాగే నమ్మే మనిషి. ఎప్పుడొస్తానో, అసలు వస్తానో లేదో తెలీకుండా ఆ మాట అనకూడదు. గుమ్మంలో నిలబడి, జన్మలో మొదటిసారి అవ్వ మాట దాటి, "ఐ యామ్ గోయింగ్, ఆంటీ" అన్నాను. ఆవిడ కనుబొమలు ముడిపడ్డాయి. కోటు చెయ్యి పట్టుకుని నన్ను లోపలికి లాగింది. కుర్చీలో కూలేసింది. గ్లాసుడు నీళ్ళు తెచ్చి చేతికిచ్చి, తాగేదాకా తలమీద నిలబడింది. "నో గో," అంది వేలు చూపించి. "గో అండ్ కమ్. సే."

అన్నాను. అన్నాక గానీ తలుపు తియ్యలేదు.

ఇప్పుడు మిల్టన్ కీన్స్‌లో ఇల్లు, పెళ్ళాం, ఒక కూతురు. చెత్త బయటపెట్టడానికి వెళ్తూ కూడా "పోయొస్తా" అంటానని మా అమ్మాయి తన ఇంగ్లీషులో వెక్కిరిస్తుంది. ఫ్రిజ్జుకి చెప్పుకుని బయల్దేరిన ఆ బక్క కుర్రాడు, ఇంగ్లీషు నేర్పుదామని బయల్దేరి బన్ను కోసం కూర్చున్నవాడు గుర్తొస్తే నాకూ నవ్వొస్తుంది, పక్కనే కాస్త దిగులూ వేస్తుంది. న్యూకాసిల్‌కి వీలు చూసుకుని వెళ్తూనే ఉంటాను. బొచ్చు రాలిపోయిన ఆ కోటే వేసుకుని వెళ్తాను. ఆంటీ ఇప్పుడు నాకంటే చక్కటి ఇంగ్లీషు మాట్లాడుతుంది, యాస పెట్టమ్మది. గింజలు వేయిస్తుంది, పొగ నా ముఖంమీదికి విసురుతుంది, మొదటి కప్పు పోస్తుంది, రెండోది పోస్తుంది. నేను ఊరుకోకుండా ప్రతిసారీ కప్పు చాస్తాను. ఆవిడ ప్రతిసారీ బిరడా బిగించేస్తుంది. ఊరు వదిలాక ఇంతవరకూ ఆ మూడో కప్పు నాకు పొయ్యలేదు.